హెండర్సన్ ఆసుపత్రిలో నర్సు సాయం: అడిగితేనే ఎందుకు?

మన దగ్గర పెద్దాసుపత్రిలో చేరితే మంచం పక్కన ఇంటి మనిషి ఉండాల్సిందే. అన్నం పెట్టేది, బాత్రూమ్‌కి పట్టుకెళ్ళేది వాళ్ళే. నర్సు సూది వేసి, సెలైన్ మార్చి వెళ్తుంది. హెండర్సన్ లింకన్ రోడ్డులోని వైటాకెరె ఆసుపత్రిలో లెక్క వేరు. స్నానం దగ్గర్నుంచి నర్సులే చూస్తారు, కానీ కావాల్సింది పేషెంటే చెప్తాడని అనుకుంటారు. మీరు చేసుకోగలిగిన పని మీతోనే చేయిస్తారు. ఆపరేషన్ అయ్యాక త్వరగా లేచి నడవమనేది కూడా మంచికే. పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మనవాళ్ళకేమో నర్సు పని తప్పించుకుంటున్నట్టు అనిపిస్తుంది.

అసలు చిక్కు మన మొహమాటంతోనే. నొప్పి 0 నుంచి 10 లో ఎంత అని అడిగితే, పళ్ళు బిగబట్టుకుని కూడా "ఫర్వాలేదు సిస్టర్, 3" అంటాం. ఆమె 3 కి తగ్గ మందే ఇస్తుంది. అర్థం కాకపోయినా గౌరవానికి తల ఊపితే, ఒప్పుకున్నామనుకుంటుంది.

శరణార్థులకి ఇది ఇంకా కష్టం. కోటా కింద వచ్చినవాళ్ళకి ముందు మాంగెరె కేంద్రంలో ఆరోగ్య పరీక్షలు చేస్తారు, తర్వాత ఊళ్ళకి పంపుతారు. సొంత దేశంలో సర్కారు మనిషి ప్రశ్నలడిగితే వణికినవాళ్ళకి, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరున్నారు అని నర్సు అడిగినా విచారణలాగే ఉంటుంది. నర్సుకి మాత్రం సాయం మొదలయ్యేదే ఆ ప్రశ్నలతో.

కాంట్రాక్టు మీద వచ్చిన మనకీ అలాంటి భయమే: కంపెనీకి తెలుస్తుందేమో, వీసా పోతుందేమో అని. అందుకే సూపర్‌వైజర్ని గానీ ఏజెంటుని గానీ అనువాదానికి తీసుకెళ్ళొద్దు. దెబ్బ పనిలో తగిలిందన్న మాట వాళ్ళ ముందు నోట్లోంచి రాదు. పిల్లల్నీ వద్దు, వాళ్ళ ముందు చెప్పలేనివి ఉంటాయి. 1996 నుంచి ఇక్కడ రోగుల హక్కుల నియమావళి ఉంది. అవసరమైతే, వీలున్నంతవరకు, ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టాలని అందులోనే ఉంది. తోడుగా మనకి కావాల్సిన మనిషిని ఉంచుకోవచ్చు. "తెలుగు ఇంటర్‌ప్రిటర్" అన్న రెండు మాటలు చాలు.

ప్రమాదంలో దెబ్బ తగిలితే, ఏ వీసా మీదున్నా వైద్యానికి ఏసీసీ వర్తిస్తుంది. పనికి పోలేకపోతే మొదటి వారం తర్వాత జీతంలో 80 శాతం వరకు ఇస్తుంది. పనిలో తగిలిన దెబ్బైతే ఆ మొదటి వారం డబ్బు కంపెనీదే. కాబట్టి ఎక్కడ, ఎలా తగిలిందో నర్సుకి ఉన్నదున్నట్టు చెప్పాలి. జబ్బుల సంగతి వేరే, అక్కడ వీసా కాలాన్ని బట్టి ఉంటుంది. రెండేళ్ళు, ఆపైన వర్క్ వీసా ఉంటే ప్రభుత్వ వైద్యానికి అర్హత ఉంటుంది.

ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా తేలకపోతే హెల్త్‌లైన్ 0800 611 116, రాత్రీ పగలూ నర్సు మాట్లాడతారు. మీకు జరిగింది సరిగ్గా లేదనిపిస్తే అడ్వొకసీ సర్వీస్ 0800 555 050. ఉచితమే, ఆసుపత్రి మనుషులు కారు.