రుక్నె బల్దియా : ఒక పాత మాట, దాని బరువు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి బస్తీలలో ఈనాడు ఎవరిని అడిగినా వార్డు నుండి ఎన్నికైన సభ్యుణ్ణి "కార్పొరేటర్ సాబ్" అనే అంటారు. కాని మన పెద్దల నోట, ఉర్దూ పత్రికల్లో ఇంకొక మాట ఉన్నది. అదే "రుక్నె బల్దియా". ఈ మాట ఎక్కడిది, దీని అర్థమేమిటి అన్నది మన సంఘ సభ్యులు, ముఖ్యంగా చదువుకునే పిల్లలు తెలుసుకోవలసిన విషయం.

ముందుగా "బల్దియా" సంగతి చూద్దాం. అరబ్బీలో "బలద్" అంటే పట్టణం. ఖుర్ఆన్‌లో 90వ సూరా పేరు "అల్ బలద్". బలద్‌కు చెందినది బలదియ్యా. అది మన నోట బల్దియా అయింది. గల్ఫ్‌కు పనికి వెళ్లిన మన అన్నదమ్ములు అక్కడి మునిసిపల్ ఆఫీసు బోర్డు మీద ఇదే మాట చూసి ఉంటారు. తుర్కీలో దీన్నే "బెలెదియె" అంటారు. హైదరాబాదు, వరంగల్లు తెలుగు పత్రికలు కూడా బల్దియా అనే రాస్తాయి. అంటే ఇది ఒక్క ఉర్దూవారి మాట కాదు, తెలంగాణ అందరి మాట.

ఇక "రుక్న్". దీనికి అసలు అర్థం స్తంభం, మూల. ఆనుకొనుట, నమ్ముకొనుట అనే అర్థమున్న ధాతువు నుండి పుట్టింది. బహువచనం "అర్కాన్". హజ్ చేసి వచ్చినవారికి కాబా షరీఫ్ మూలల్లో ఒకటైన రుక్నె యమానీ తెలుసు. ఇస్లాం అర్కాన్ ఐదని మన పిల్లలు మొదటి పాఠంలోనే చెబుతారు. నమాజులో ఒక్క రుక్న్ వదిలినా ఆ నమాజు నెరవేరదు. ఫారసీ దర్బారులలో గొప్ప అమీర్లను "అర్కానె దౌలత్", అంటే రాజ్యానికి స్తంభాలు అనేవారు. ఆ మాటే తర్వాత సభలకు వచ్చి, రుక్న్ అంటే సభ్యుడు అయింది. ఇంగ్లీషు కార్పొరేటర్ అనే మాటకు మూలం శరీరం అనే అర్థమున్న లాటిన్ పదం. తెలుగులో సభ్యుడు అంటే సభకు తగినవాడు. మన మాటలో ఉన్నది మాత్రం బరువు మోయుట.

హైదరాబాదు బల్దియా చరిత్ర 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో మొదలైంది. అప్పుడు నగరాన్ని 4 భాగాలుగా, శివార్లను 5 భాగాలుగా చేశారు. 1886లో చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీ అయింది. 1933లో రెండూ కలిసి కార్పొరేషన్ ఏర్పడింది. 1942లో ఆ హోదా పోయి, 1950లో మళ్లీ వచ్చింది. 1951లో మాడపాటి హనుమంతరావు గారు తొలి మేయరు అయ్యారు. 1960లో సికింద్రాబాదు కలిసింది.

ఈ కథలో అప్పటికి మన ప్రాంతం లేదు. ఇవన్నీ నగరం బయటి పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత రూపం మారింది. 2007లో శేరిలింగంపల్లితో సహా 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాదు అయ్యింది. ఆ విధంగా రుక్నె బల్దియా అనే పాత మాట అద్దాల మేడల నీడకు వచ్చి చేరింది.

మేడల వాళ్లకు తమ మనుషులు, తమ జనరేటర్లు ఉంటాయి. వాటి వెనుక గల్లీలో నాలా పొంగితే, దీపం వెలగకపోతే, ఖబరస్తాన్ గోడ కూలితే మనకు దిక్కు ఎవరు? ఆ రుక్నే కదా! అయినా మనం ఏం చేస్తున్నాము? ఆయన్ని దావతుకు పిలిచి పూలదండ వేస్తాము, నాలా సంగతి అడగడానికి మాత్రం మొహమాట పడతాము. స్తంభానికి దండ వేస్తే చాలదు, కప్పు నిలిచిందా లేదా చూసుకోవాలి.

ఇంకొక మాట. స్తంభం నిలవాలంటే కింద పునాది ఉండాలి. ఆ పునాది ఓటరు. 2020 డిసెంబరు గ్రేటర్ ఎన్నికల్లో 150 వార్డులలో కలిపి సగం మంది కూడా ఓటు వేయలేదు. పునాదే సగం లేనప్పుడు స్తంభాన్ని తిట్టి లాభమేమి? కాబట్టి ప్రతి ఇంటివారు, ఆడవారితో సహా, ఓటరు జాబితాలో పేరు ఉన్నదో లేదో ఈ సంవత్సరమే చూసుకోవలెనని మనవి. పేరు లేనివారి దరఖాస్తు నింపి పెట్టడానికి మన చదువుకున్న యువకులు ముందుకు రావాలి.