విమాన నిర్వహణలో మానవ తప్పిదం
విమానాలను తనిఖీ చేసి మరమ్మతు చేసే సిబ్బంది పనిలో అలసట, తొందర, అలవాటు, మనుషుల కొరత వంటి కారణాలతో దొర్లే పొరపాట్లు, వాటి నివారణ ఈ విషయం పరిధిలోకి వస్తాయి.

ఇందులో తప్పక తెలుసుకోవలసినది 1990 జూన్ 10న జరిగిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 ప్రమాదం. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు వెళ్తున్న విమానం సుమారు 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. ఆయన శరీరం సగం బయటికి వెళ్లిపోతే, తోటి సిబ్బంది గట్టిగా పట్టుకుని ఆపారు. కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. అందరూ, కెప్టెన్‌తో సహా, బతికి బయటపడ్డారు.

ఆ అద్దాన్ని అంతకు ముందురోజు తెల్లవారుజామున, రాత్రి షిఫ్టులో మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసినదానికంటే సన్నవి. తేడా 0.026 అంగుళం మాత్రమే! మిగతా 6 పొట్టివి. షిఫ్టు మేనేజరు విడిభాగాల పట్టిక చూడకుండా, పాత బోల్టు పక్కన పెట్టి కంటి అంచనాతో కొత్తవి ఎంచుకున్నారు. స్టోర్ ఉద్యోగి సరైన సైజు చెప్పినా పట్టించుకోలేదు.

అయినా నిందంతా ఆయన మీదే వేయడం న్యాయం కాదు. బయటి నుంచి బిగించే ఆ అద్దం విషయంలో లోపలి గాలి ఒత్తిడిని ఆపేవి బోల్టులే. అంతటి పనిని మరొకరు సరిచూడాలన్న నియమమే అప్పుడు లేదు.

1993లో కెనడాకు చెందిన గోర్డన్ డుపాంట్ ఇలాంటి పొరపాట్లకు దారితీసే 12 కారణాలను గుర్తించారు. ‘డర్టీ డజన్’గా పేరొందిన ఆ జాబితాను నేటికీ విమాన ఇంజనీర్ల శిక్షణలో బోధిస్తున్నారు.