మెట్ట చేలో మన పెద్దల ఎంపిక

జమ్మికుంట అనగానే ఎవరికైనా పత్తి మార్కెట్టే గుర్తుకొస్తుంది. ఈ ఊరి మీదుగా పోయే కాజీపేట–బల్హార్షా రైలు మార్గం 1929లో పూర్తయింది. ఆ పట్టాల వెంట ఉత్తరానికి పోతే మంచిర్యాల, ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్ కాగజ్‌నగర్ వస్తాయి. అటు పక్కనే గోండు, కొలాం, నాయక్‌పోడ్ గూడేలున్నాయి. నేడు ఆ గూడేల చేలల్లోనూ ఎక్కువగా పత్తే కనిపిస్తుంది. పత్తి రాకముందు మన పెద్దలు ఏ తిండి పంటను ఎందుకు ఎంచుకున్నారో ఈ సంచికలో రాసి పెట్టాలనుకున్నాం.

నిజానికి మన ప్రాంతానికి వాన మరీ తక్కువేమీ కాదు. ఆదిలాబాద్‌లో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు పడుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురుస్తుంది. మధ్యలో రెండు మూడు వారాలు ముఖం చాటేస్తుంది. చెరువు, కాలువ లేని గుట్ట నేలకు అదే కరువు. అందుకే పెద్దలు ‘ఎంత పండుతుంది?’ అనే దానికన్నా ముందు ‘వాన ఆగితే ఏది నిలబడుతుంది?’ అని చూశారు.

అలా నిలిచింది జొన్న. దాని వేరు లోతుకు పోతుంది, ఆకు మీద మైనం లాంటి పూత ఉంటుంది. తడి ఆరితే ఎదుగుదల ఆపుకొని, వాన పడగానే మళ్లీ లేస్తుంది. తేలిక నేలల్లో వానాకాలపు జొన్న వేశారు. నల్లరేగడిలో వానలు తగ్గాక, నేలలో దాగిన తడి మీదే యాసంగి జొన్న పండించారు. ఒకటి పోయినా మరొకటి ఇంటికి చేరేది. గింజ గట్కకు, జావకు, చొప్ప ఎడ్లకు. రాళ్లు తేలిన వాలు నేలల్లో మూడు నెలలకు అటూఇటుగా చేతికొచ్చే సామ, కొర్ర వేశారు. కొలాములు నాగలి ఎక్కని వాలుల్లో చేతి పనిముట్లతోనే పోడు చేశారు. జొన్న సాళ్ల మధ్య కంది వేస్తే, జొన్న కోసిన తర్వాత కూడా అది కాపు ఇచ్చేది.

ఈ సేద్యానికి మొదటి దెబ్బ అడవి హద్దులతో తగిలింది. నిజాం కాలంలో రిజర్వు అడవుల గీతలు గీశాక, చేను మార్చుకుంటూ నేలకు విశ్రాంతినిచ్చే పద్ధతికి చోటు లేకుండా పోయింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాడు. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ మన గూడేలకు వచ్చి, మన జీవితంతో పాటు సేద్యాన్నీ నమోదు చేశాడు. రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వెలువడింది.

తర్వాతి మార్పులు మెల్లగా వచ్చాయి. 1964లో సంకర జొన్న విడుదలైంది. దిగుబడి పెరిగింది, కానీ చొప్ప పొట్టిదైంది. కోతల వేళ వాన పడితే గింజకు బూజు పట్టేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదింటికి అది పెద్ద ఆసరా, కాదనలేం. అయితే జొన్న దంచే పని తప్పడంతో జొన్న చేను కూడా తగ్గింది. 2002లో బీటీ పత్తికి అనుమతి దొరికాక మిగిలిన చెలకలూ పత్తికే పోయాయి.

పత్తి వేసే మన రైతును మేము తప్పు పట్టడం లేదు. పిల్లల చదువుకు, వైద్యానికి నగదు కావాలి. కానీ ధర పడిపోయిన ఏడు పత్తిని వండుకొని తినలేం. ప్రతి ఏటా విత్తనం కొనాల్సిందే. పాత జొన్న విత్తనం మాత్రం బూడిద, వేపాకు కలిపిన గుమ్మిలోనే ఉండేది.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్నంలో కొర్రలు, సామలు ఇప్పుడు బియ్యం కన్నా ప్రియం. మన ఇంటి తిండికి విలువ పెరిగిన వేళ, ఆ విత్తనం మన ఇంట్లోనే లేకపోవడం బాధాకరం.

అందుకే ఒక విన్నపం. ఎకరం పత్తిలో నాలుగు సాళ్లయినా జొన్న, కంది వేద్దాం. గూడెంలో పాత విత్తనం ఎవరి దగ్గర ఉందో అడిగి, దాని పేరు, అది నచ్చే నేల, విత్తే కార్తె రాసి పెడదాం. కొత్తల పండుగనాడు దేవతకు పెట్టే కొత్త గింజ అంగట్లో కొన్నది కాకుండా మన చేలో పండినదై ఉండాలి.