వెనక్కి తన్నే మాట

రికాల్సిట్రంట్. ఈ ఇంగ్లీషు విశేషణాన్ని అనువదించాల్సి వచ్చినప్పుడల్లా నా చెయ్యి ముందు ‘ధిక్కార’ వైపే పోతుంది. కుదరదు. కవిత్వం చదివే మనకి ధిక్కారం మెచ్చుకోలు మాట. ‘ధిక్కార స్వరం’ అని పుస్తకం వెనకట్ట మీద వేసుకుంటాం. రికాల్సిట్రంట్‌లో మెచ్చుకోలూ లేదు, స్వరమూ లేదు. ఉన్నదల్లా మడమ.

లాటిన్‌లో ‘కాల్క్స్’ అంటే మడమ. దాన్నుంచి ‘కాల్సిట్రారే’, తన్నడం. ముందు ‘రె’ చేరిస్తే వెనక్కి తన్నడం. గుర్రాలు చేసే పని. హొరేస్ అయితే దీన్ని ఏకంగా అగస్టస్ చక్రవర్తికే వాడాడు, తప్పుగా నిమిరితే తంతాడని. (వాడి కూడా క్షేమంగా బతికాడు!) ఫ్రెంచి మీదుగా పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషుకి చేరాక ఆ చనువు పోయింది. పగ్గాలు పట్టుకున్నవాళ్ళ మాటైపోయింది. హెడ్మాస్టరు పిల్లాణ్ణి అంటాడు గానీ, పిల్లాడు హెడ్మాస్టర్ని అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

1993లో సియాటిల్‌లో జరిగిన ఏపెక్ నేతల సమావేశానికి మలేషియా ప్రధాని మహతీర్ వెళ్ళలేదు. ఆస్ట్రేలియా ప్రధాని పాల్ కీటింగ్ ఆయన్ని ఈ మాటే అన్నాడు. వాణిజ్యం మీద దెబ్బ కొడతామనే దాకా పోయింది గొడవ. చివరికి కీటింగ్ విచారం వెలిబుచ్చాల్సి వచ్చింది. ఒక్క మాటకి ఇంత రభసా అంటే, మొండివాడని సాటివాణ్ణీ అంటాం. రికాల్సిట్రంట్ అన్నవాడు మాత్రం జీను మీంచి మాట్లాడుతున్నట్టుంటుంది. 1957 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న మలయా చెవికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా?

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది ‘మొండికేసిన’ అనుకుంటాను. అదీ ఎద్దుని తోలేవాడి మాటే.

నాకు బాగా నచ్చిన వాడుక విత్తనశాస్త్రంలోది. 1973లో ఇ.హెచ్. రాబర్ట్స్ విత్తనాల్ని రెండు రకాలుగా విడదీశాడు. ఎండబెట్టి చల్లగా దాస్తే ఏళ్ళ తరబడి బతికే వరిలాంటివి ఆర్థొడాక్స్. ఎండబెడితే చచ్చిపోయే మామిడి, పనసలాంటివి రికాల్సిట్రంట్. దాచేవాడికి తలనొప్పి గనక ఆ పేరు. టెంక వైపునుంచి చూస్తే అది ఎవర్నీ తన్నట్లేదు. వేసవిలో రాలి, తొలకరి తడి తగలగానే మొలవడం దాని పద్ధతి. అందుకే మామిడి రకాల్ని గింజలుగా డబ్బాల్లో పెట్టి తాళం వెయ్యడం కుదరదు. తోటల్లో చెట్లుగా పెంచుతూ, అంట్లు కడుతూ ఉండాల్సిందే.