నందిదుర్గ ప్రాంతమున గిరిప్రవేశానుమతి: నాడును నేడును

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు కర్ణాటక రాష్ట్రపు తూర్పు భాగమున, రాయలసీమకు ఇరుగుపొరుగుగా నున్నవి. 2007వ సంవత్సరము వరకు ఇవి కోలారు జిల్లాలో చేరియుండెను. పిదప చిక్కబళ్ళాపురము కేంద్రముగా వేరొక జిల్లా యేర్పడినది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు ఈ సీమ మైసూరు రాష్ట్రముననే నిలిచినను, ఇచటి పల్లెలలో తెలుగు నేటికిని ఇంటిమాటగా వర్ధిల్లుచున్నది. కచేరిలో కన్నడము, కళ్ళములో తెలుగు అన్నచో ఇచటి తీరు బోధపడును. 2025 జూలై 2వ తేదీన నందిగిరిపై సమావేశమైన కర్ణాటక మంత్రివర్గము బాగేపల్లికి భాగ్యనగర మను పేరు పెట్ట నిశ్చయించినది. అయినను జనుల నోట ఆ యూరు బాగేపల్లియే.

ఈ సీమకు కొండలే కోటగోడలు. సముద్రమట్టమునకు 4,851 అడుగుల యెత్తున నందిగిరియు, దాని చేరువ కళవారదుర్గ మనబడు స్కందగిరియు, ఉత్తరమున గుడిబండయు, చింతామణి వైపున అంబాజీదుర్గము, రహమాన్‌గఢ్ అను గిరిదుర్గములును కలవు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని యను నదులు ఈ కొండల ప్రాంతమున పుట్టినవి. ఉత్తర పినాకినియే మన పెన్న. చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి సాగి పెన్నలో కలియును. పాపఘ్నియు కడప సీమలో ఆ నదినే చేరును. కావున ఈ కొండలపై చెట్టు నిలుచునా, నీరు నిలుచునా అను ప్రశ్న చిక్కబళ్ళాపురము వారిది మాత్రమే గాదు. నెల్లూరు మాగాణి రైతుకును దానితో సంబంధము కలదు.

ఇట్టి కొండ నెక్కుటకు ఎవరి యనుమతి కావలెను? నేటి యువకులు స్కందగిరి నెక్కదలచినచో ముందుగా దినమును నిర్ణయించుకొని, అంతర్జాలమున పేర్లు నమోదు చేసి, రుసుము చెల్లించి, చీటి పొందవలసియున్నది. దీనిని చూచి వృద్ధులు, “దేవుని కొండ నెక్కుటకు చీటి యేల?” అని యాశ్చర్యపడుట కద్దు. ఆ ప్రశ్న సమంజసమైనదే. కాని కొండకు కావలి యుండుట క్రొత్త విషయము కాదు. కావలి యెవరిది, ఏ ప్రయోజనము కొరకు అనునది మాత్రము కాలముతోపాటు మారుచు వచ్చినది. ఆ మార్పును పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

భక్తుల త్రోవ

మొట్టమొదట కొండత్రోవను తొక్కినవారు పశువుల కాపరులును భక్తులును. నందిగ్రామమున కొండపాదమున భోగనందీశ్వరాలయము, శిఖరమున యోగనందీశ్వరాలయము కలవు. క్రింది యాలయము బాణ, నొళంబ రాజుల కాలమునుండి చోళ, హొయసల, విజయనగర ప్రభువుల కాలము వరకు పెరుగుచు వచ్చిన కట్టడము. క్రింద భోగము, పైన యోగము. నడుమనున్న యెక్కుడే సాధన. శివరాత్రి జాతరకు వచ్చు జనులు ఏ యధికారి నడిగి ఈ త్రోవను కనుగొనలేదు.

చింతామణి తాలూకాలోని కైవారము నందును ఇట్టి సంప్రదాయమే కానవచ్చును. 1726 మొదలు 1836 వరకు జీవించినట్లు సంప్రదాయజ్ఞులు చెప్పు యోగి నారేయణులు, జనుల నోట కైవారము తాతయ్య, గాజులమ్ము వృత్తినుండి యోగమార్గమునకు మరలి, అచటి కొండగుహలో తపస్సు చేసిరని ప్రతీతి. తెలుగున, కన్నడమున తత్త్వములు పాడిన ఆ మహనీయుని పేరున ఆ కొండ నేటికిని యాత్రాస్థలము. ఈ త్రోవలలో ఆచారమే అనుమతి. గురువు మాటయే కట్టుబాటు.

దుర్గముల కాలము

ఆవతి ప్రభువుల వంశీయుడగు మల్ల బైరేగౌడ 15వ శతాబ్దమున చిక్కబళ్ళాపురమును స్థాపించెనని చెప్పుదురు. పాళెగాండ్ర కాలమున ఈ గుట్ట లన్నియు దుర్గము లయ్యెను. గుడిబండ కొండపై బైరేగౌడ కట్టించిన అంతస్తుల కోటయు, క్రిందనున్న బైరసాగరము చెరువును ఆ కాలపు దక్షతకు నేటికిని సాక్ష్యములు. కొండ కోట కాగానే ప్రవేశము కిల్లేదారు చేతిలోనికి పోయెను. ప్రొద్దు గ్రుంకిన వెనుక తలుపులు మూయబడును. కావలివాని యనుజ్ఞ లేక పురుగైనను లోనికి పోరాదు.

మన భాషలోని ఒక మాట ఈ కాలమును చక్కగా జ్ఞప్తికి తెచ్చును. నేడు వెడల్పయిన బాటకు ‘రహదారి’ యనుచున్నాము. ఇది పారసీకమునుండి వచ్చిన మాట. త్రోవకాపు, త్రోవసుంకము అని దాని మూలార్థము. త్రోవను కాచువాని కిచ్చు సుంకమును, వా డిచ్చు చీటియును కాలక్రమమున మరుగుపడి, త్రోవ మాత్రమే ఆ మాటలో మిగిలినది.

1762లో హైదరాలీ చిక్కబళ్ళాపురమును లోబరచుకొనిన పిమ్మట నందిదుర్గము మైసూరు సుల్తానుల కోట యయ్యెను. టిప్పుసుల్తాను దానిని బలపరచి, వేసవి విడిదిగాను చేసికొనెను. మూడవ మైసూరు యుద్ధమున కారన్‌వాలిసు సేనలు, మేజరు గౌడీ నాయకత్వమున దానిని ముట్టడించినవి. ఫిరంగులను ఈడ్చుటకు ఆ నిట్టనిలువు కొండపై క్రొత్తగా బాట వేయవలసివచ్చెను. మూడు వారముల ముట్టడి పిమ్మట, 1791 అక్టోబరు 18వ తేదీ రాత్రి వెన్నెలలో సైనికులు గోడగండ్ల గుండ ఎగబ్రాకిరి. తెల్లవారకమునుపే కోట వారి వశమయ్యెను. పైనుండి దొరలించిన బండరాళ్ళవలన వారికి కలిగిన నష్టమే ఎక్కువ. కొండ నెక్కుటకు అనుమతి నిరాకరించిన విధముల కెల్ల ఇది పరాకాష్ఠ.

చల్లగాలి కొరకు

కోటలకు పని తీరిన పిదప నందిగిరికి వేరొక ప్రయోజనము కలిగినది. 1834 మొదలు 1861 వరకు మైసూరు కమిషనరుగా నుండిన సర్ మార్కు కబ్బను దానిపై విడిది కట్టించుకొనెను. ఫిరంగుల కొరకు తెరచిన కొండ ఇట్లు దొరల యారోగ్యస్థాన మాయెను. 1927లో జబ్బుపడిన గాంధీమహాత్ముడు వేసవిలో విశ్రాంతి తీసికొన్నదియు ఇచటనే; 1936లో మరల వచ్చి కొన్ని దినములుండెను. 1986 నవంబరులో బెంగళూరున జరిగిన సార్కు శిఖరసమావేశమునకు వచ్చిన దేశాధినేతలును ఈ కొండపై విడిది చేసిరి. ఈ దశలో కొండపై బస దొరకుట హోదా ననుసరించి యుండెను.

అడవి చట్టము, పుల్లరి

మైసూరున 1864లో అరణ్యశాఖ యేర్పడినది. 1900 నాటి మైసూరు అరణ్య రెగ్యులేషను, తదుపరి 1963 నాటి అరణ్య చట్టము కొండవాలులను ప్రభుత్వారణ్యములుగా గుర్తించుటకు ఆధారములయ్యెను. అంతవరకు పశువుల మేపునకు, వంటచెరకునకు పోవుచుండిన త్రోవలో హద్దురాళ్ళు వెలసినవి. అడవి నిలుచుటకు ఇది కొంత యవసరమే. అయినను కొండక్రింది వానికి నిన్నటి హక్కు నేడు అర్జీ యైనది.

ఇట్టి మార్పు విచక్షణ లేక జరిగిన చోట్ల ఏమగునో ఆంధ్రదేశము స్వానుభవమున నెరుగును. పల్నాటి రైతులు అడవిలో పశువులను మేపుకొనుటకు సర్కారునకు చెల్లించవలసిన పన్నునకు పుల్లరి యని పేరు. దానిని నిరాకరించి పోరాడిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో ప్రాణము లర్పించెను. ఆ యేడే మన్యమున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చెలరేగిన పితూరీకిని పోడు వ్యవసాయముపై విధించిన అరణ్య నిర్బంధములు ఒక ముఖ్యకారణము. రుసుము గైకొనువాడు ప్రతిఫలముగా నేమియు చేయనప్పుడు, అనుమతిచీటి జనులకు అవమానపత్రముగా తోచును. పుల్లరి చరిత్రము నేర్పు పాఠ మిదియే.

హిమాలయముల యనుమతి

మహోన్నత పర్వతముల విషయమున అనుమతికి వేరు కారణములు కలవు. సరిహద్దు రక్షణ యొకటి. 1873 నాటి రెగ్యులేషనుతో ఈశాన్య సీమలో నేర్పడిన ‘ఇన్నరు లైను’ పద్ధతి నేటికిని అరుణాచలము వంటి చోట్ల అమలులో నున్నది. ప్రాణరక్షణ మరియొకటి. 1981లో పునఃప్రారంభమై, 2020 మొదలు అయిదేండ్లు నిలిచి, 2025లో మరల సాగిన కైలాస మానససరోవర యాత్రలో భారత ప్రభుత్వముద్వారా పోవువారికి వైద్యపరీక్ష తప్పనిసరి. పల్చని గాలిలో భక్తి యొక్కటియే ఊపిరికి చాలదు.

అనుమతి నియమము త్రోవనే మార్చిన యుదాహరణము తెలుగువారికి సుపరిచితమే. 2014 మే 25వ తేదీన, తెలంగాణ రాష్ట్రావతరణమునకు ఎనిమిది దినముల ముందు, నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము సీమకు చెందిన ఆనందకుమారుతో కూడి ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటి కామెకు పదునాల్గేండ్లు నిండలేదు. పదునారేండ్లు నిండనివారికి నేపాళము అనుమతి నీయదు. కావున వారు టిబెట్టు వైపునుండి ఎక్కవలసివచ్చెను. వారి తొలి శిక్షణ భువనగిరి బండపై, అనగా నందిదుర్గము వంటి గిరిదుర్గముననే జరిగినది. దక్కను గుట్టలు హిమాలయములకు ఓనమాలు దిద్దించు పలకలు కాగలవనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

నేటి పద్ధతి

21వ శతాబ్ది తొలి దశాబ్దమున బెంగళూరు యువకులు వెన్నెలరాత్రులలో స్కందగిరి నెక్కి, తెల్లవారుజామున మబ్బుల సముద్రమును చూచుట పెద్ద వేడుక యయ్యెను. కొండక్రింది పల్లెల పడుచువాండ్రు దారి చూపుచుండిరి. జనము పెరిగిన కొలది చెత్తయు, ప్రమాదభయమును పెరిగినవి. అరణ్యశాఖ రాత్రి యారోహణమును నిషేధించి, ముందుగా అనుమతి పొందు నియమమును తెచ్చెను. 2024 జనవరిలో గణతంత్రదినోత్సవపు సెలవులకు పశ్చిమకనుమలలోని కుమారపర్వతముపై జనము క్రిక్కిరియగా, అంతర్జాలమున నమోదు వసతి లేని మార్గములలో ఆరోహణమును కర్ణాటక ప్రభుత్వము తాత్కాలికముగా నిలిపివైచెను. ఆ యేడు అక్టోబరులో ‘అరణ్య విహార’ యను జాలస్థలము వెలసెను. ఒక్కొక్క మార్గమునకు దినమునకు 300 మందికి మించకుండ పరిమితి యేర్పడెను.

ఈ నిర్బంధము వ్యర్థము కాదనుటకు నందిగిరి చరిత్రయే సాక్షి. 2021 ఆగస్టులో వర్షములకు చరియ విరిగిపడి దారి తెగగా, కొన్ని నెలలపాటు సందర్శకులను రానీయలేదు. 2022 ఫిబ్రవరి 20వ తేదీన బ్రహ్మగిరి బండలపై ఒక విద్యార్థి జారిపడి చిక్కుకొనగా, వాయుసేన హెలికాప్టరు వచ్చి రక్షింపవలసివచ్చెను. ఎవరు, ఎప్పుడు, ఏ త్రోవను ఎక్కిరో వ్రాసియున్నచో వెదకువానికి ఎంత సహాయమో ఈ యుదంతము తెలుపును. చీటిలోని పేరు కొండపై నున్న మనిషికి ఆనవాలు.

ఉపసంహారము

పాళెగాడు కోటకొరకు, దొర చల్లగాలికొరకు, సర్కారు కలపకొరకు కొండను కాచినవి. నేటి కాపు కొండకొరకే యని చట్టము చెప్పుచున్నది. ఆ మాట నిజమగుటకు రెండు పనులు జరుగవలెను. మొదటిది, రుసుములో కొంత భాగమైనను త్రోవ బాగుకు, చెట్టు పెంపకమునకు, కొండక్రింది పల్లెల జీవనమునకు వినియోగపడుట జనులకు కనబడవలెను. తాతలనాటినుండి ప్రతి బండను ఎరిగిన పల్లె యువకుడే దారి చూపువాడుగా గౌరవము పొందవలెను. రెండవది, నియమములు జనులకు తెలిసిన భాషలో నుండవలెను. అనంతపురము, హిందూపురము, మదనపల్లె వైపులనుండి వచ్చు యాత్రికులకును, ఇంట తెలుగు మాటలాడు ఇచటి వృద్ధులకును బోధపడునట్లు కన్నడముతోపాటు తెలుగునను హెచ్చరికలు వ్రాసిన, తెలియక దారి తప్పువారు తగ్గుదురు.

ఆరోహకుని వంతు కర్తవ్యమును కలదు. చీటి చేత నున్నంతమాత్రమున కొండ తనది కాదు. అతడు కొండకు కొన్ని గడియల అతిథి. అతిథి యింటిని పాడుచేయక వచ్చిన త్రోవనే మరలుట మన పెద్దలు నేర్పిన మర్యాద. కైవారము గుహకు, నంది శిఖరమునకు చెప్పులు విడిచి యెక్కిన భక్తుడు ఏ చీటియు లేకయే ఈ నియమమును పాటించెను. ఆ మర్యాద జనులలో నిలిచియున్నంతకాలము అనుమతిచీటి భారము కాదు. ఈ కొండలు పచ్చగా నుండినగాని పెన్నలో నీరుండదు. పెన్నలో నీరున్నగాని మన సీమలకు కళ యుండదు.