స్పిట్‌ఫైర్ పొట్ట రంగు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ను కాచిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల పొట్టకు వేసిన రంగు వెనుక మన జోధ్‌పూర్ మహారాజా విమానం ఒకటి ఉందని చదివిన రోజు సంతోషం పట్టలేకపోయాను. ప్లాస్టిక్ మోడల్ విమానాలు అతికించి రంగులేసేవాళ్లకు ఆ సీసా బాగా పరిచయం. మూత మీద ‘స్కై’ అని ఉంటుంది. లోపలున్నది ఆకాశ నీలం కాదు, బాతుగుడ్డు పెంకు మీద కనిపించే లేత ఆకుపచ్చ. కొత్త కంపెనీ రంగులు కొన్నప్పుడు నేను ముందు మూత తీసేది దానికే. ఒక కంపెనీ స్కై పక్కన ఇంకో కంపెనీ స్కై పెడితే రెండూ కలవవు. ఎందుకు కలవవో వెతుక్కుంటూ పోతే హెస్టన్‌లో తేలాను.

హెస్టన్ లండన్‌కు పడమట ఉండిన విమానాశ్రయం. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడి మకాం అక్కడే. 1939లో లాక్‌హీడ్ విమానంలో కెమెరాలు దాచి, వ్యాపారిలా జర్మనీ మీద తిరుగుతూ ఫొటోలు తీసిన సాహసి. ఒకనాడు జోధ్‌పూర్ మహారాజా సొంత విమానం హెస్టన్ నుంచి పైకి లేస్తుంటే కాటన్ చూస్తూ నిలబడ్డాడని చెబుతారు. దాని ఒంటి నిండా లేత బాతుగుడ్డు రంగు. కాస్త ఎత్తుకు వెళ్లిందో లేదో ఆకాశంలో కలిసిపోయింది. ఆ రంగునే తయారు చేయించి ‘కామోటింట్’ అని పేరు పెట్టాడు. ఆనాటి జోధ్‌పూర్ పాలకుడు ఉమైద్ సింగ్‌కు విమానాలంటే ప్రాణం. ఆ ఊరిని 1930ల్లోనే దేశాంతర విమానాల మజిలీ చేశాడు.

యుద్ధం మొదలయ్యాక కాటన్ చేతికి రెండు స్పిట్‌ఫైర్లు వచ్చాయి. తుపాకులు పీకించాడు. రెక్కల మీద సందులన్నీ పూడ్పించి నున్నగా తోమించి, పైన కామోటింట్ వేయించాడు. అతుకుల్లో పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దే మోడల్ పనివాడు ఇది చదివితే కాటన్‌ను మనవాడే అనుకోకుండా ఉండలేడు. ఆ దళాన్ని పైకి ‘రెండో నంబర్ కామఫ్లాజ్ యూనిట్’ అని పిలిచారు. 1939 నవంబర్ 18న ఫ్రాన్స్‌లోని సెక్లాన్ నుంచి లాంగ్‌బాటమ్ అనే పైలట్ ఆ స్పిట్‌ఫైర్లలో ఒకటి తీసుకుని జర్మన్ సరిహద్దు మీదికి వెళ్లాడు. మబ్బుల కింద, తక్కువ ఎత్తులో తిరిగే ఫొటో విమానాలకు తర్వాత లేత గులాబీ రంగు కూడా వేశారు. గులాబీ స్పిట్‌ఫైర్ మోడల్ చూసి నవ్వేవాళ్లు ఒకసారి సంధ్యవేళ మబ్బు అంచు చూడాలి.

1940 జూన్‌లో ఫైటర్ విమానాలన్నిటికీ అడుగు భాగానికి కామోటింట్ నుంచే పుట్టిన ‘స్కై’ వేయమని ఆజ్ఞ వచ్చింది. అప్పటిదాకా ఒక రెక్క కింద నలుపు, ఇంకో రెక్క కింద తెలుపు. ఆజ్ఞ వచ్చినంత వేగంగా రంగు డబ్బాలు రాలేదు. స్క్వాడ్రన్లలో మెకానిక్‌లు చేతికందిన డబ్బాలు కలిపి, కంటికి సరిపోయిందనుకున్నది పూసేశారు. కొన్ని నీలం వైపు మొగ్గాయి, కొన్ని పచ్చ వైపు. ఆ వేసవి ఆకాశంలో ఒకే స్కై ఎగరలేదు. ఆ చేతి కలుపుల్లో ఎక్కువ భాగం విమానాలతోపాటే కూలిపోయింది. మిగిలిన విమానాలకు మళ్లీ మళ్లీ రంగులు పడ్డాయి. నాకు అది పెద్ద నష్టంగా తోస్తుంది.

కాటన్‌ను మాత్రం అదే జూన్‌లో తన దళం నుంచే తప్పించారు. ఆయన మళ్లీ కథలోకి వచ్చింది మన నేల మీదనే. 1948లో నిజాం కోసం కరాచీ నుంచి హైదరాబాద్ సంస్థానానికి లాంకాస్ట్రియన్ విమానాల్లో దొంగచాటుగా ఆయుధాలు దింపించిన సిడ్నీ కాటన్ ఇతనే. ఆ సెప్టెంబర్ పోలీసు చర్య గురించి పెద్దల నోట విన్న మనకు ఆ పేరు కొత్త కాదు, ఆ రంగుతో అతనికున్న సంబంధమే కొత్త.

మోడళ్ల మీదికి ఈ రంగులన్నీ తర్వాతే దిగాయి. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత 5 లక్షల నమూనా విమానాలు చేయించదలిచినప్పుడు వాటికి నలుపే వేయించింది, శత్రు విమానాన్ని ఆకారం బట్టి గుర్తుపట్టడానికి. ఇక రంగుల కంపెనీల మూలాలు ఎక్కడెక్కడివో! హంబ్రోల్ 1919లో హల్ నగరంలో హంబర్ ఆయిల్ కంపెనీగా పుట్టింది. టమియా 1946లో షిజుఒకాలో కలప వ్యాపారంగా మొదలైంది. వాయెహో 1965లో న్యూజెర్సీలో కార్టూన్ సినిమాలకు రంగులు చేసి, 1969లో స్పెయిన్‌కు చేరింది.

వాళ్ల స్కైలు కలవకపోవడంలో మొదటి దోషం 1940 జూన్‌ది. రెండోది మన బల్లది. నూనె ఎనామిల్‌కూ నీటి ఆక్రిలిక్‌కూ ఆరాక తేడా వస్తుంది. లేత రంగు కింద తెల్ల ప్రైమర్ ఉంటే ఒకలా, బూడిద ప్రైమర్ ఉంటే ఇంకోలా కనిపిస్తుంది. అందుకే కొత్త సీసాను ముందు ప్లాస్టిక్ చెంచాల మీద, రెండు ప్రైమర్ల పైనా వేసి, రాత్రంతా ఆరనిచ్చి పొద్దున ఎండలో చూడాలి. బల్బు వెలుగులో తీర్పు చెప్పకూడదు. బొమ్మ చిన్నది కాబట్టి కాస్త తెలుపు కలిపి వెలిసినట్టు చేయడం కూడా న్యాయమే. నంబర్ చూసి కొని నేరుగా పూసేసే అలవాటు వచ్చాక, కళ్లతో కొలిచి కలిపే ఓపిక తగ్గింది. 1941 నాటి స్పిట్‌ఫైర్‌కైతే సీసాలో ఉన్నదే వేస్తాను. 1940 వేసవిదైతే ఆ మెకానిక్‌ల పద్ధతే: రెండు మూడు కంపెనీల స్కైలు పళ్లెంలో పోసి, చేత్తోనే కలుపుతాను.