రెండు చెట్లు

మంచిచెడుల పోరు అనగానే వెలుగు, చీకటి అనేస్తాం. పాత కావ్యాలు అంత తేలిగ్గా తేల్చలేదు. వ్యాసభారతం ఆదిపర్వంలో దుర్యోధనుడు కోపమనే మహావృక్షం: కర్ణుడు బోదె, శకుని కొమ్మలు, దుశ్శాసనుడు పూలూ పండ్లూ. వేరు మాత్రం వివేకంలేని ధృతరాష్ట్రుడు. ఎదురుగా ధర్మరాజు ధర్మవృక్షం. అర్జునుడు బోదె, భీముడు కొమ్మలు, మాద్రి కొడుకులు పూలూ పండ్లూ, వేళ్లలో కృష్ణుడు. అంటే చెడు ఎక్కణ్ణుంచో ఊడిపడిన భూతం కాదు. కొడుకును అదుపు చేయలేని తండ్రి దగ్గర వేళ్లూని, నలుగురి అండతో ఎదిగింది. నిందను ఎవరి వంతు వారికి పంచడంలో ఇంతకన్నా పదునైన రూపకం నాకు కనబడదు.

15వ శతాబ్దపు పోతన గజేంద్రమోక్షంలోనూ ఇదే చూపు. మొసలి దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు. ఏనుగూ అగస్త్యుడి శాపం పొందిన ఇంద్రద్యుమ్న మహారాజే. చక్రం తల తెంచితే మొసలికి దక్కింది విముక్తి. మరి దీపావళి మాటేమిటని అడగవచ్చు. అక్కడ గెలిచింది వెలుగే, కాదనను. కానీ చంపినవాడు నీలమేఘశ్యాముడు, చచ్చిన నరకుడు భూదేవి కన్నకొడుకు. రాక్షసుడంటే పరాయివాడన్న లెక్క అక్కడా కుదరదు. పండగ ప్రసంగాల్లో ఈ చుట్టరికం ఎత్తేవారే తక్కువ.